గ్రాఫీనునందు ఎలక్ట్రానుల సాంగత్యము

విద్యుచ్ఛాస్త్రమును నేర్చుకొను బాలబాలికలకు మొట్టమొదట చెప్పబడు నియమమొకటి కలదు. సజాతి విద్యుత్తులు ఒండొంటిని వికర్షించును. విజాతి విద్యుత్తులు ఒండొంటిని ఆకర్షించును. కొంతకాలమునకు వారికే మరియొక పాఠము చెప్పబడును. తీగయందు ప్రవహించు విద్యుత్తనగా ఎలక్ట్రానుల గమనమే తప్ప వేరు కాదు. ఈ రెండు పాఠములను ప్రక్కప్రక్కన నుంచుకొని ఆలోచించు విద్యార్థికి ఒక సందేహము కలుగక మానదు. ఎలక్ట్రానులన్నియు ఋణవిద్యుత్తు గలవియే గదా! అట్లయిన అవి ఒండొంటిని నెట్టివేయవలెను. ఒకరినొకరు నెట్టుకొనువారు కలసి ఒక త్రోవను ఎట్లు పోగలరు?

ఈ ప్రశ్న చిన్నది కాదు. పాఠ్యపుస్తకములు సామాన్యముగా దీనిని దాటిపోవును. ఒక్కొక్క ఎలక్ట్రాను తక్కినవాటిని లెక్కచేయక, తానొక్కటే తీగయందున్నట్లు పరుగెత్తునని తలచి లెక్కలు కట్టుదురు. ఇనుము, రాగి మొదలైన లోహములకు ఆ లెక్కలు చాలవరకు సరిపోవును. కాని గ్రాఫీను అను పదార్థమునందు ఈ ఉపేక్ష సాగదు. అచ్చట ఎలక్ట్రానుల పరస్పర వికర్షణము కంటికి కట్టినట్లు బయలుపడును. ఆ వికర్షణము వాటిని చెదరగొట్టుటకు మారుగా కొన్నియెడల ఏటినీటివలె కూడి ప్రవహింపజేయుట మిక్కిలి వింతయైన సంగతి. అది యెట్లు జరుగునో మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును సాధ్యమైనంత తేటగా తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మన కొండలలోని నల్లని రేకులు

గ్రాఫీనును గురించి తెలిసికొనుటకు ముందు గ్రాఫైటును ఎరుగవలెను. ఇది మనకు పరాయి వస్తువు కాదు. శ్రీకాకుళ విజయనగరములకు వాయవ్యముగా నిలిచియున్న తూర్పుకనుమలలో ఖోండలైటు అను శిల విస్తారముగా కలదు. ఆ కొండలలో నివసించు ఖోండు జాతివారి పేరనే భూగర్భశాస్త్రజ్ఞుడైన వాకరు 1902 ప్రాంతమున దానికా నామమిడెను. ఈ శిలయందు స్ఫటికపురాయి, గార్నెట్టు, సిల్లిమనైటు మొదలైనవాటితో కూడ గ్రాఫైటు రేకులును కానవచ్చును. చేత రాచిన నల్లగా అంటుకొని, నున్నగా జారునది ఈ గ్రాఫైటే. మనము వ్రాయు పెన్సిలులోని నల్లని పుల్లయు ఇదే. దానిని సీసమని పిలుచుట వాడుకయే గాని అందు సీసము లేదు. గ్రాఫైటు పొడిని బంకమట్టితో కలిపి కాల్చి పుల్లలు చేయు పద్ధతిని 1795 లో ఫ్రాన్సు దేశమున కోంటే అను నాతడు కనిపెట్టెను.

గ్రాఫైటు శుద్ధమైన కర్బనము. వజ్రమును కర్బనమే, పరమాణువులు అమరిన తీరునందే భేదము. గ్రాఫైటులో కర్బన పరమాణువులు తేనెపట్టు గదులవలె షడ్భుజములుగా అమరి పలుచని పొరలగును. ఒక పొరయందు ప్రక్కప్రక్కనున్న రెండు పరమాణువుల నడుమ దూరము 0.142 నానోమీటరు. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. పొరకును పొరకును నడుమ దూరము 0.335 నానోమీటరు. కావున ఒక మిల్లీమీటరు మందముగల గ్రాఫైటు ముక్కలో సుమారు 30 లక్షల పొరలుండును. ఈ పొరలు ఒకదానిపై నొకటి మిక్కిలి వదులుగా నిలిచియుండుటచేతనే పెన్సిలు కాగితముపై సులభముగా జారి గీత మిగులును. అట్టి పొరలలో ఒక్కదానినే వేరుచేసినయెడల దానికి గ్రాఫీనని పేరు.

1947 లో వాలేసు అను శాస్త్రజ్ఞుడు గ్రాఫైటునందలి ఎలక్ట్రానులను గురించి లెక్క కట్టుచు, మొదట ఒక్క పొరను మాత్రమే తీసికొని గణితము చేసెను. అప్పటికది కాగితముమీది ఊహయే. 2004 లో ఇంగ్లండునందలి మాంచెస్టరు విశ్వవిద్యాలయమున గైము, నోవొసెలోవు అను నిరువురును వారి సహచరులును అంటుడు పట్టీతో గ్రాఫైటు రేకును మరల మరల ఒలిచి, పలుచని రేకులను తీసి, అందలి ఎలక్ట్రానుల నడకను కొలిచిరి. ఇందులకై వారికి 2010 లో నోబెలు బహుమానము లభించెను.

ఒలిచిన రేకు ఒక్క పొరయా, పదియా అని తెలిసికొనుటకు ఒక మంచి సాధనము మన దేశముననే పుట్టినది. 1928 లో కలకత్తాలో రామను, కృష్ణనుగార్లు కనుగొనిన రామను ఫలితమే అది. రేకుపై కాంతిని ప్రసరింపజేసి, చెదరివచ్చిన వెలుగును పరీక్షించి పొరలను లెక్కింపవచ్చునని 2006 లో చూపబడెను. పరమాణువుల కంపనములను స్ఫటికముయొక్క సౌష్ఠవమునుబట్టి విభజించు గణితమును గురించి 1948 లో ఒక గ్రంథము వెలువరించినవారు మన వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు చెందిన సూరి భగవంతము, వెంకటరాయుడుగార్లు. ఆ కృష్ణనుగారే గంగూలీగారితో కలసి గ్రాఫైటు స్ఫటికముల అయస్కాంతగుణములను కొలిచి, అందు స్వేచ్ఛగా తిరుగు ఎలక్ట్రానులను గురించి 1941 లో ప్రకటించిరి. కావున ఈ విషయమున మన దేశస్థుల పరిశ్రమ క్రొత్తది కాదు.

నెట్టుడు ఎక్కువయా, పరుగు ఎక్కువయా?

కర్బన పరమాణువునకు ఆరు ఎలక్ట్రానులు కలవు. వానిలో రెండు కేంద్రమును అంటిపెట్టుకొనియుండును. మూడు, ప్రక్కనున్న మూడు పరమాణువులతో బంధములను కట్టును. మిగిలిన ఒక్కటి ఏ పరమాణువునకును కట్టుబడక పొరయంతటను తిరుగాడును. మనము చెప్పబోవు కథయంతయు ఈ ఆరవ ఎలక్ట్రానును గురించినదే.

రెండు విద్యుత్తుల నడుమ బలము వాని దూరముయొక్క వర్గమునకు విలోమముగా మారునని 1785 లో కూలుంబు నిరూపించెను. కాని బలమెంతయో తెలిసినంతమాత్రమున పని తీరదు. దానిని దేనితో పోల్చవలెనో తెలియవలెను. ఎలక్ట్రానులకు రెండు విధములైన శక్తులు కలవు. ఒకటి పరుగెత్తుటవలన కలుగు గమనశక్తి. రెండవది ఒండొంటిని నెట్టుటవలన కలుగు వికర్షణశక్తి. మొదటిది మిక్కుటమైనచో ఎలక్ట్రానులు తమ త్రోవను తాము పోవును. నెట్టుడు లెక్కకు రాదు. రెండవది మిక్కుటమైనచో ఒకదాని నడక తక్కినవాని స్థితినిబట్టి మారును. కావున ఈ రెండింటి నిష్పత్తియే ముఖ్యము.

సాధారణ లోహములలో ఎలక్ట్రానుల మధ్యదూరము సగమైనచో వికర్షణశక్తి రెండింతలగును, గమనశక్తియో నాలుగింతలగును. అందుచేత లోహమున ఎలక్ట్రానులు ఎంత క్రిక్కిరిసియున్న అంతగా పరుగుదే పైచేయి. వినుటకు వింతగా తోచినను ఇది నిజము. మరియు క్రిక్కిరిసిన ఎలక్ట్రానులు ప్రతిదాని చుట్టును కొంచెము తొలగి, దాని విద్యుత్తును దూరమునకు కానరాకుండ తెరవలె కప్పివేయును. దీనికితోడు 1925 లో పౌలీ చెప్పిన నియమము కలదు. ఒక స్థితియందు ఒకటికి మించి ఎలక్ట్రాను ఉండరాదు. కావున ఢీకొనిన పిదప పోవుటకు ఖాళీ స్థితి దొరకనిచో ఆ ఢీయే జరుగదు. ఈ మూడు కారణములచేతను రాగితీగలో ఎలక్ట్రానులు ఒకదానినొకటి ఎరుగనట్లు ప్రవర్తించును.

గ్రాఫీనునందు సంగతి వేరు. తేనెపట్టు అమరికవలన అందలి ఎలక్ట్రానుల వేగము వాని శక్తినిబట్టి మారదు. అన్నియు సెకండునకు సుమారు 10 లక్షల మీటర్ల వేగముతో పోవును. ఇది కాంతివేగములో 300 వ వంతు. బరువులేని కాంతికణములు ఎట్లు ఒకే వేగముతో పోవునో ఇవియు అట్లే. ఇందువలన మధ్యదూరము సగమైనచో గమనశక్తియు రెండింతలే, వికర్షణశక్తియు రెండింతలే. ఎలక్ట్రానులను పలుచన చేసినను, చిక్కన చేసినను నిష్పత్తి మొదటి అంచనాకు మారకయే యుండును. ఆధారము లేకుండ గాలిలేని చోట వ్రేలాడదీసిన గ్రాఫీనునకు ఈ నిష్పత్తి సుమారు 2.2. ఇదే నిష్పత్తిని కాంతివేగముతో పోల్చి శూన్యాకాశమునకు కట్టినచో సుమారు 137 వ వంతు మాత్రమే వచ్చును. ఎలక్ట్రాను 300 రెట్లు నెమ్మదిగా పోవుటచేత నెట్టుడునకు 300 రెట్లు బలము చిక్కినదన్నమాట. గ్రాఫీనునందు వికర్షణమును ఉపేక్షింపరాదనుటకు ఇదియే మూలము.

తమ వేగమును తామే పెంచుకొనుట

ఇంత బలమైన వికర్షణముచేత ఎలక్ట్రానులు ఎక్కడివక్కడ నిలిచిపోయి గ్రాఫీను విద్యుత్తును ప్రసరింపనీయదేమోయని తోచును. అట్లు జరుగలేదు. 1994 లో ముగ్గురు స్పెయిను దేశపు శాస్త్రజ్ఞులు వేరొక ఫలమును ముందుగా గణించి చెప్పిరి. గ్రాఫీనునందు ఎలక్ట్రానులు పలుచనగుకొలది వాని వికర్షణమే వాని వేగమును పెంచునని వారి మాట. 2011 లో మాంచెస్టరువారు వ్రేలాడదీసిన గ్రాఫీనును మిక్కిలి చల్లబరచి కొలువగా, వేగము సెకండునకు 10 లక్షల మీటర్లనుండి 30 లక్షల మీటర్ల వరకు పెరిగినట్లు తేలెను. వేగము మూడింతలైనచో పైని చెప్పిన నిష్పత్తి మూడవ వంతునకు తగ్గును. అనగా వికర్షణము తన ప్రాబల్యమును తానే తగ్గించుకొనుచున్నది. గ్రాఫీను విద్యుద్వాహకముగనే నిలుచుటకు ఇదియొక కారణము.

ఢీకొనినను పోని సొత్తు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. నెట్టుకొనుచు, ఢీకొనుచు ఉన్న ఎలక్ట్రానులు కలసి యెట్లు ప్రవహించును? దీనికి జవాబు ద్రవ్యవేగ నిత్యత్వ నియమమున కలదు. రెండు గోళీలు ఢీకొనినప్పుడు ఒకటి కోల్పోయిన ద్రవ్యవేగమును రెండవది పొందును. రెండింటి మొత్తము మారదు. ఎలక్ట్రానులును అంతే. ఒక ఎలక్ట్రాను మరియొకదానిని ఢీకొనినప్పుడు ప్రవాహముయొక్క సొత్తు ఒకరి చేతినుండి మరియొకరి చేతికి మారును గాని ఇల్లు దాటిపోదు. ప్రవాహమునకు నష్టము కలుగునది మూడు చోట్లనే: పదార్థమునందలి మలినములను తాకినప్పుడు, వేడిచే ఊగులాడు పరమాణువులను తాకినప్పుడు, అంచులను తాకినప్పుడు. విద్యుత్తునకు కలుగు నిరోధమంతయు ఈ బయటివారి వలననే.

రాగితీగయందు ఎలక్ట్రానులు తమలో తాము కలిసికొనుటకు ముందే ఈ బయటివారిని ఢీకొని సొత్తును పోగొట్టుకొనును. గ్రాఫీనునందు పరమాణువుల బంధములు మిక్కిలి దృఢమైనవి, ఊగులాట తక్కువ. బోరాన్ నైట్రైడు అను నున్నని స్ఫటికములను క్రిందను మీదను ఉంచి గ్రాఫీనును కాపాడినచో మలినముల బాధయు చాలవరకు తొలగును. అప్పుడు ఎలక్ట్రానులు బయటివారిని తాకుటకు ముందు తమలో తాము అనేకపర్యాయములు ఢీకొనును. వేడిమి మరీ తక్కువైనచో పౌలీ నియమముచేత పరస్పరము ఢీకొనుట అరుదగును. మరీ ఎక్కువైనచో పరమాణువుల ఊగులాట హెచ్చును. ఈ రెండింటి నడుమ నొక అనువైన మేర కలదు. ఆ మేరయందు ఎలక్ట్రానుల గుంపు ద్రవమువలె నడచును.

ద్రవముగా మారిన విద్యుత్తు

మాఘశుద్ధ సప్తమినాడు అరసవల్లి సూర్యదేవాలయమునకు వచ్చు జనసమూహమును మన ప్రాంతమువారందరు ఎరుగుదురు. జనము పలుచగా నున్న వేళ ఎవరి ఇచ్చవచ్చినట్లు వారు నడచి, గోడవరకు పోయి, మరల తిరిగి వత్తురు. జనము క్రిక్కిరిసిన వేళ ఎవ్వరును తమ ఇచ్చచే నడువరు. ప్రక్కవారి నడకయే తమ నడక. అంచుననున్నవారు గోడకు రాసికొనుచు మెల్లగా పోవుదురు. నడుమనున్నవారు గోడను తాకకయే వడిగా సాగుదురు. మనుష్యులకు బుద్ధి కలదు, ఎలక్ట్రానులకు లేదు. కావున ఈ పోలికను ఇంతకు మించి సాగదీయరాదు. ఏటినీటిని చూచుట మేలు. శ్రీకాకుళమున నాగావళి వంతెనమీద నిలిచి వాననీటి కాలమున క్రిందికి చూచినచో, ఏరు ఒడ్డున మెల్లగాను, నడుమ వడిగాను పోవుట కనబడును. స్తంభముల వెనుక సుడులు తిరుగుచుండును. ఆ సుడిలో పడిన ఆకు ఒక్కొక్కప్పుడు ప్రవాహమునకు ఎదురుగా వెనుకకు వచ్చును.

ఎలక్ట్రానులును ఇట్లే ప్రవహింపవచ్చునని 1963 లో సోవియట్టు శాస్త్రజ్ఞుడు గుర్జీ చెప్పెను. 2016 లో మాంచెస్టరువారు గ్రాఫీనునందు దానిని పరీక్షించిరి. ఒక సన్నని ద్వారమునుండి విద్యుత్తును లోనికి పంపి, దాని ప్రక్కననే వోల్టేజిని కొలిచిరి. మామూలు వాహకములో వోల్టేజి ఏ గురుతుతో నుండవలెనో దానికి సరిగా వ్యతిరేకమైన గురుతు కనబడెను. ఎలక్ట్రానుల ప్రవాహము ద్వారము ప్రక్కన సుడి తిరిగి, కొన్నింటిని వెనుకకు ఈడ్చుకొనివచ్చుటయే దీనికి కారణము. నాగావళి సుడిలోని ఆకువంటిదే ఇదియును. ఆ కొలతలనుబట్టి ఎలక్ట్రాను ద్రవముయొక్క స్నిగ్ధత, అనగా జిగట, తేనెకంటె సుమారు పదింతలు హెచ్చని వారు లెక్కించిరి. ఇచ్చట స్నిగ్ధతను ద్రవ్య సాంద్రతచే భాగించి చెప్పుదురని పై తరగతులవారు గుర్తుంచుకొనవలెను.

మరుసటి సంవత్సరము, 2017 లో, ఇంకొక వింత బయలుపడెను. లోహపు తీగను వేడిచేసిన నిరోధము హెచ్చునని మనము ప్రయోగశాలలో నేర్చుకొందుము. గ్రాఫీనున సన్నని ఇరుకు ద్వారమును చేసి విద్యుత్తును పంపినప్పుడు, వేడిమి పెరుగుకొలది కొంతమేరవరకు నిరోధము తగ్గినది. ఎలక్ట్రానులు ఒంటరిగా పోవునపుడు ద్వారముగుండ సాగగల విద్యుత్తునకు గణితము విధించిన మేరను సైతము అది దాటినది. కారణమేమనగా, పరస్పరము ఢీకొనుట హెచ్చినకొలది ఎలక్ట్రానులు గుంపుగా నడచును. అంచుననున్నవి మెల్లగా పోవుచు తక్కినవాటికి అంచు తగులకుండ అడ్డముగా నిలుచును. నడుమనున్నవి సులభముగా ద్వారమును దాటును. ఒంటరిగా పోయినదానికంటె కూడి పోయినప్పుడు ఇరుకు త్రోవ సులువైనది.

ఇవియన్నియు అనుమానప్రమాణములే గదా, కంటితో చూచినవారెవరని అడుగువారుండవచ్చును. 2019 లో ఇజ్రాయెలునందలి వైజ్మను సంస్థవారు గ్రాఫీను పట్టీయందు విద్యుత్తు అడ్డముగా ఎట్లు వ్యాపించియున్నదో చిత్రించి, అంచున తక్కువగాను నడుమ ఎక్కువగాను ఉండుటను చూపిరి. 2020 లో అమెరికాలోని హార్వర్డువారు వజ్రమునందలి సూక్ష్మమైన లోపములను అయస్కాంతసూచికలుగా వాడి, గ్రాఫీనులోని ప్రవాహము కలిగించు అయస్కాంతక్షేత్రమును కొలిచి అట్టి రూపమునే కనిరి. కర్బనముతో చేసిన కంటితో కర్బనములోని ఏటిని చూచిరని చెప్పవచ్చును.

వేడిమి ఒక త్రోవ, విద్యుత్తు ఒక త్రోవ

విద్యుత్తును బాగుగా ప్రసరింపజేయు లోహములు వేడిమినికూడ ఆ పాళముననే బాగుగా ప్రసరింపజేయునని 1853 లో జర్మనీలో వీడెమాను, ఫ్రాంజు అనువారు కనుగొనిరి. రెండు మూటలను మోయు కూలీలు ఒకే ఎలక్ట్రానులు గనుక ఇది సహజమే. లోహములలో నూరేండ్లకు పైగా ఈ నియమము నిలిచియున్నది. గ్రాఫీనునందు ఒక ప్రత్యేకస్థితిలో మాత్రము ఇది చెదరినది.

గ్రాఫీనునందు ఎలక్ట్రానులతోపాటు రంధ్రములు కూడ కలవు. రంధ్రమనగా ఎలక్ట్రాను ఉండవలసినచోట ఏర్పడిన ఖాళీ. తరగతిలో బెంచీ కొనయందు ఒక చోటు ఖాళీయైనప్పుడు బాలురు ఒక్కొక్కరుగా కుడికి జరిగినచో ఖాళీ ఎడమకు నడచినట్లు కనబడును. రంధ్రమును అట్లే ధనవిద్యుత్తు గల కణమువలె నడచును. ఎలక్ట్రానులును రంధ్రములును సమసంఖ్యలో నున్న గ్రాఫీనునకు బ్యాటరీ తగిలించినచో అవి ఎదురుబొదురుగా పోవును. ఒండొంటిని రాసికొని అడ్డగించును. కావున ఇచ్చట పరస్పరము ఢీకొనుట విద్యుత్తునకు నష్టమే. కాని ఒకవైపున వేడిచేసినచో ఎలక్ట్రానులును రంధ్రములును రెండును ఒకే దిక్కునకు, వేడి చోటునుండి చల్లని చోటునకు సాగును. ఢీకొనినను మొత్తపు ద్రవ్యవేగము చెడదు. ఇందుచే వేడిమి ప్రవాహము హెచ్చి, విద్యుత్తు ప్రవాహము తగ్గి, పాత నియమము తప్పును.

2016 లో హార్వర్డువారు ఈ నియమము పదింతలకు మించి తప్పినట్లు చూపిరి. 2025 లో మన బెంగుళూరునందలి భారతీయ విజ్ఞాన సంస్థవారు, జపానునందలి జాతీయ పదార్థ విజ్ఞాన సంస్థవారి సహకారముతో, మిక్కిలి నిర్మలమైన గ్రాఫీనును తీసికొని కొలువగా, తక్కువ ఉష్ణోగ్రతలయందు అది 200 రెట్లకు మించి తప్పినట్లు తేలెను. విద్యుద్వాహకత హెచ్చినచోట ఉష్ణవాహకత తగ్గుటయు, అది హెచ్చినచోట ఇది తగ్గుటయు వారు కనిరి. ఎవరు ఎవరితో ఏ దిక్కున పోవుచు ఢీకొందురో, దానినిబట్టియే లాభనష్టములు కలుగునని దీనివలన తెలియుచున్నది.

రెండు పొరలను మెలిత్రిప్పినప్పుడు

ఎలక్ట్రానుల పరుగును తగ్గించినచో నెట్టుడునకు ప్రాబల్యము వచ్చునని పైని చెప్పితిమి. అట్లు తగ్గించుటకు ఒక సులభోపాయము కలదు. మన జిల్లాయందలి పొందూరు సన్నఖద్దరు పేరెన్నికగన్నది. అట్టి పలుచని వస్త్రపు తునకలు రెండింటిని ఒకదానిపై నొకటి పరచి, పై దానిని కొంచెము త్రిప్పి వెలుతురునకు పట్టి చూడుడు. నేతపోగులకంటె ఎన్నోరెట్లు పెద్దవైన గళ్లు తోచును. త్రిప్పుడు తగ్గుకొలది ఆ గళ్లు పెద్దవగును. రెండు గ్రాఫీను పొరలను సుమారు 1.1 డిగ్రీల కోణముతో త్రిప్పి పేర్చినచో ఇట్టి గళ్లే సుమారు 13 నానోమీటర్ల పరిమాణమున ఏర్పడును. ఆ కోణముకడ ఎలక్ట్రానుల వేగము దాదాపు శూన్యమునకు పడిపోవునని 2011 లో బిస్ట్రిట్జరు, మాక్డొనాల్డు అనువారు గణించిరి.

2018 లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థవారు అట్లే చేసి చూచిరి. పరుగు మందగించిన ఎలక్ట్రానులు ఒండొంటి వికర్షణమువలన ఒక స్థితిలో నిలిచిపోయి విద్యుత్తును ప్రసరింపనీయకపోయెను. వాని సంఖ్యను కొంచెము మార్చగా, పరమశూన్యమునకు సుమారు 1.7 డిగ్రీలు పైన, నిరోధము బొత్తిగా లేకుండ ప్రవహించెను. దీనిని అతివాహకత్వమందురు. అందు ఎలక్ట్రానులు జంటలు కట్టును. ఒండొంటిని నెట్టుకొను స్వభావము గలవి ఏ కారణముచే జంట కట్టినవో, ఆ విషయమున శాస్త్రజ్ఞులకు ఇంకను ఏకాభిప్రాయము కుదరలేదు. అదే కర్బనము, అవే ఎలక్ట్రానులు. ఒక్క డిగ్రీ త్రిప్పుటచే ఇంత మార్పు కలిగినది.

విద్యార్థులు చేయదగిన పని

ఈ పరిశోధనలకు గొప్ప యంత్రములు కావలెను. కాని తొలిమెట్టు ప్రతి విద్యార్థికిని అందునదే. మెత్తని నల్లని పెన్సిలుతో కాగితముపై వెడల్పుగా, దట్టముగా, నాలుగంగుళముల గీతను పలుమార్లు దిద్దవలెను. తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీయొక్క ఒక కొనను గీత మొదటను, రెండవ కొనను ఒక చిన్న యల్.ఇ.డి. దీపముగుండ గీతమీదను తాకించినచో దీపము మినుకుమనును. దీపపు కాళ్లను తిరగవేసి చూచుట అవసరము కావచ్చును. దీపముండు కొనను మొదటి కొనవైపునకు జరుపుకొలది వెలుగు హెచ్చును. ఎందుకనగా త్రోవ చిన్నదైనకొలది నిరోధము తగ్గును. రెండు కొనలను మరీ దగ్గరకు చేర్చినచో దీపము పాడగును. ఇంటిలోని కరెంటుతో ఈ ప్రయోగమును ఎన్నడును చేయరాదు, అది ప్రాణాపాయకరము. తలిదండ్రులు ఈ సంగతిని గమనింతురుగాక.

అయితే ఈ గీత గ్రాఫీను కాదు. అందు బంకమట్టి కలదు; గ్రాఫైటు తునకలు అడ్డదిడ్డముగా పడియున్నవి. ఆ గీతలో ఎలక్ట్రానులు అడుగడుగునకు బయటివారిని తాకి సొత్తును పోగొట్టుకొనుటచేత ఏటివలె ప్రవహింపవు. గ్రాఫీను పేరుతో అంగళ్లలో అమ్ముడగు ప్రతి వస్తువునందును ఈ వింతలుండునని నమ్మరాదనుటకు ఇదియే హేతువు. పైని చెప్పిన ఫలములన్నియు నిర్మలమైన ఒక్క పొరయందు, లేక చక్కగా పేర్చిన రెండు పొరలయందు, శ్రమపడి కొలిచినవి.

మొదట వేసికొనిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. సజాతి విద్యుత్తులు వికర్షించుననుట సత్యమే. కాని అది సగము సత్యము. ఆ వికర్షణము ఫలమేమగునో తెలిసికొనుటకు, పరుగుతో పోల్చిన అదెంతయో, ఢీకొనినప్పుడు సొత్తు ఎవరికి చేరుచున్నదో విచారింపవలెను. వేగము చాలినంతయుండి, బయటి ఆటంకములు తక్కువైనచోట, నెట్టుకొనునవియే ఏరై ప్రవహించును. వేగము మందగించినచోట అవియే నిలిచిపోవును, లేక జంటకట్టును. పాఠములో చెప్పిన నియమమును వల్లించుటతో తృప్తి చెందక, దేనితో పోల్చి ఎంత అని అడుగు అలవాటును మన బాలబాలికలు చిన్ననాటనే చేసికొందురుగాకయని కోరుచున్నాము.